వింటికి తగిన అమ్ము: అనంత సీమలో మరుగున పడిన ఒక విద్య

లేపాక్షి వీరభద్రాలయానికి విహారయాత్రకు పోయిన పిల్లలు వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూస్తారు, పెద్ద నంది ముందు ఫొటో దిగుతారు. మండపం పైకప్పు కేసి తలెత్తి చూసేవాళ్లు తక్కువ. అచ్యుతదేవరాయల కాలంలో (1529-1542) విరూపణ్ణ కట్టించిన ఆ గుడి పైకప్పు మీద కిరాతార్జునీయం కథ రంగుల్లో ఉంది. నడుమ ఒక అడవిపంది. ఒక పక్క తపస్సు మాని విల్లందుకున్న అర్జునుడు, ఇంకో పక్క వేటగాని వేషంలో శివుడు. ఇద్దరూ ఒకే పందిని కొట్టారు. పంది నాదంటే నాదని కొట్లాటకు దిగారు.

ఈ కథ చెప్పేటప్పుడు పండితులు భక్తిని గురించి, పాశుపతాన్ని గురించి చెబుతారు. మేము అడగదలుచుకున్నది వేరే ప్రశ్న. పడిన జంతువులో దిగిన అమ్ము ఎవరిదో ఎట్లా తెలుస్తుంది? వేటగాళ్ల సమాజంలో అది చిన్న ప్రశ్న కాదు. మాంసం పంపకం దాని మీదే ఆధారపడి ఉంటుంది. అమ్ము అనేది ఎవరి చేతికైనా ఇచ్చి కొట్టమనే కట్టెపుల్ల కాదు. ఆ మనిషి చేయి పొడవుకు, ఆ వింటి బలానికి, ఆ వేట జంతువుకు తూచినట్టు కుదిర్చి చేసుకున్న పనిముట్టు. ఒకరి అమ్ము ఇంకొకరి వింటి నుంచి సరిగా పోదు. ఈ కుదిర్చే విద్యకు అనంత సీమలో చరిత్ర ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం అది లేదు. అందుకే ఈ వ్యాసం.

ఎండిన నేల, వేట బతుకు

అనంతపురం పీఠభూమికి ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో రాజస్థాన్‌లోని జైసల్మేరు తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లాగా దీన్ని చెబుతారు. నైరుతి వానను పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్య వాన ఇక్కడికి వచ్చేసరికి చిక్కిపోతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండయి, పెనుకొండ, హిందూపురం, కదిరి, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి గానీ కరువు మాత్రం రెండుగా చీలలేదు.

ఇట్లాంటి నేల మీద పంట ఒక్కటే నమ్ముకుని బతికినవాళ్లు ఎన్నడూ లేరు. పశువులు, అడవి పళ్లు, గడ్డలు, వేట, ఇవన్నీ కలిస్తేనే ఏడాది గడిచేది. ఎరుకలవాళ్లు, యానాదులు ఉరులు, వలలు పన్నడంలో నేర్పరులు. మా సుగాలి పెద్దలు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకుని సైన్యాల వెంట దక్కనుకు వచ్చి, తర్వాత తండాలు కట్టుకున్నవాళ్లు. ఉత్తరాన నల్లమలలో చెంచులు. ఇక ఈ పీఠభూమి మీద విల్లంటే ముందుగా గుర్తొచ్చేది బోయవాళ్లు. బ్రిటిషు కాలపు రాతల్లో వాళ్లలో రెండు శాఖలు కనబడతాయి: ఊరు బోయలు, మ్యాస బోయలు. మ్యాస బోయలు ఊరికి దూరంగా, గడ్డి బయళ్లలో, వేటనూ మందలనూ నమ్ముకున్నవాళ్లు. ఇవాళ ఏ కులం ఏ జాబితాలో ఉండాలన్నది వేరే చర్చ. ఇక్కడ మేము మాట్లాడేది వేట విద్య గురించి.

రాయదుర్గం కొండ మొదట బోయ నాయకుల స్థావరం. వాళ్లను అదుపు చేయడానికి విజయనగర రాజులు భూపతిరాయలు అనే అధికారిని పంపారని, అతను వాళ్లను తరిమి తానే ఏలాడని, అందుకే దానికి భూపతిరాయకొండ అనే పేరు కూడా వచ్చిందని చెబుతారు. పక్కనే ఉన్న చిత్రదుర్గం బోయ నాయకులది. 1779లో హైదరాలీ దాన్ని పట్టుకుని వేలమంది బోయలను శ్రీరంగపట్నానికి తరలించాడు. అంటే ఈ సీమలో కొండ కొండకూ విలుకాండ్రు ఉండేవాళ్లు. సీమ ఊళ్ల పొలిమేరల్లో నిలబడి ఉన్న వీరగల్లులను చూడండి. వాటి మీద విల్లు ఎక్కుపెట్టిన మనుషులు కనబడతారు. శ్రీశైలం ప్రాకారం గోడ మీద వేట బొమ్మలు వరుసగా చెక్కి ఉన్నాయి. కన్నప్పగా మారిన తిన్నడు మన సీమవాడేనని, కడప సీమలోని ఊటుకూరు అతని ఊరని ఇక్కడి నమ్మకం. పాత తెలుగు కావ్యాల్లో వేటగాడికి వాడిన ‘ఎఱుకు’ అన్న మాట కూడా మన తెగల పేర్లకు దూరం కాదు.

చుట్టూ ఉన్న మొక్కలతోనే

విల్లంటే ఒక వంగే బద్ద, ఒక నారి. అంతే కదా అనిపిస్తుంది. ఆ రెండూ ఎక్కడ దొరుకుతాయో తెలిసి ఉండటమే సగం విద్య.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఆయుధాగారాన్ని గురించిన అధ్యాయం ఉంది. అందులో తాటి కర్రతో, వెదురుతో, ఇతర కర్రలతో, కొమ్ముతో చేసే నాలుగు రకాల విళ్లు చెప్పాడు. వింటినారికి పనికొచ్చేవాటిలో మూర్వ, అర్క, జనుము, వెదురు, జంతువుల నరం ఉన్నాయి. ఈ అర్క అంటే మన జిల్లేడే. మూర్వ అంటే చాగ. జిల్లేడు లేని బీడు అనంతపురంలో ఉందా? చాగ కూడా ఎండు గుట్టల పొదల నీడలో పెరిగేదే. చాగ జాతి మొక్కలను ఇంగ్లీషు వృక్షశాస్త్ర పుస్తకాలు ‘వింటినారి జనుము’ అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తాయి. పంట పండని నేల మన పెద్దలకు నారిని మాత్రం కరువు చేయలేదు.

వింటి బద్దకు ముఖ్యమైనది వెదురు. చెంచుల విల్లు వెదురు బద్దదే. వెదురు లేని చోట సాగే గుణమున్న కర్ర కావాలి. నల్లమల వైపు తడ అనే చెట్టు ఉంది. దానికి సంస్కృతంలో ‘ధన్వన’ అని పేరు. ‘ధనువు’కు దగ్గరి మాట. చెట్టుకు ఆ పేరు ఊరికే రాలేదు.

ఇక అమ్ము. సంస్కృతంలో ‘శరం’ అన్న మాటకు రెల్లు అనీ, బాణం అనీ రెండు అర్థాలూ ఉన్నాయి. పెన్న, చిత్రావతి, వేదవతి ఇసుక దిబ్బల పక్కన పెరిగే రెల్లు జాతి కాడలను చూస్తే ఆ రెండు అర్థాలు ఎందుకు కలిశాయో తెలుస్తుంది. లోపల డొల్ల, పైన గట్టి, తేలిక, నిలువు. సన్న వెదురు కూడా అట్లాంటిదే. మొనకు కట్టే ఇనుప అలుగు మాత్రం కమ్మరి కొలిమి నుంచి రావాలి. అందుకే అడవిలోని చెంచు కూడా మైదానపు కమ్మరితో బేరం పెట్టుకున్నాడు. విల్లు అడవి వస్తువే గానీ, దానికోసం అడవికీ ఊరికీ నడుమ దారి ఎప్పుడూ తెరిచే ఉండేది.

మాటలను కూడా ఇక్కడే గుర్తు చేసుకుందాం. వింటినారికి అల్లె అనీ, అల్లెతాడు అనీ పేరు. వింటి చివర వింటికొప్పు. బాణం అమ్ము, దాని మొన అలుగు, వెనక ఈకలున్న చోటు పింజ, అమ్ములుంచేది పొది. ఈ మాటల్లో ఎన్నింటిని మన పిల్లలు వినివుంటారు? పనిముట్టు పోతే దాని మాటలు కూడా పోతాయి.

సరిజోడు ఎట్లా కుదురుతుంది

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. వేళ్లతో నారి లాగే కుడిచేతి వాటం మనిషి ఎడమచేత్తో విల్లు పట్టుకుని, అమ్మును వింటి బద్దకు ఎడమ పక్కన ఆనిస్తాడు. నారి వదలగానే అది బద్ద నడిమికి దూసుకొస్తుంది. అమ్ము తోక నారితోపాటు నడిమికి రావాలి, కానీ అమ్ము ముందర బద్ద అడ్డంగా ఉంది. మరి అమ్ము గురికి నేరుగా ఎట్లా పోతుంది?

అమ్ము వంగుతుంది. నారి తోసిన తోపుకు నడుము దగ్గర విల్లులా వంగి, బద్దను చుట్టుకుని తప్పించుకుని, మళ్లీ రెండో పక్కకు వంగి, పాములా మెలికలు తిరుగుతూ కొంత దూరం పోయి, ఆ తర్వాత నిలువుగా సాగుతుంది. కంటికి కనబడనంత వేగంగా ఇది జరిగిపోతుంది. 1930లలో అమెరికాలో క్లారెన్స్ హిక్‌మన్ అనే ఇంజనీరు అతివేగపు కెమెరాతో దీన్ని ఫిల్ము తీసి చూపించాడు. శాస్త్రవేత్తలు దీన్ని విలుకాని వింత అన్నారు. వేటగాళ్లకు అది వింత కాదు. అమ్ము సరిగా పోతున్నదా లేదా అన్నది వాళ్లకు గురి మీద, ఆకలి మీద తెలిసేది.

ఇందులో లెక్క ఏమిటంటే, అమ్ము వంగే గుణం వింటి బలానికి సరిపోవాలి. బలమైన వింటికి మెత్తని అమ్ము పెడితే అది మరీ ఎక్కువ వంగి కుడి పక్కకు పోతుంది, ఒక్కోసారి విరిగిపోతుంది కూడా. బలహీనమైన వింటికి బిరుసు అమ్ము పెడితే వంగక ఎడమ పక్కకు పోతుంది. ఎడమచేతి వాటానికి ఇది తిరగబడుతుంది. పిడి దగ్గర బద్ద వెడల్పుగా ఉంటే అమ్ము తప్పించుకోవలసిన దూరం ఎక్కువ. అట్లాంటి వింటికి కాస్త మెత్తని అమ్ము కావాలి.

పొడవు రెండో సంగతి. ఒకే లావున్న రెండు కాడల్లో పొడుగుది ఎక్కువ వంగుతుంది, పొట్టిది బిరుసు. అందుకే తండ్రి అమ్మును పిల్లవాని చేతికోసం నరికి ఇస్తే పని జరగదు. పొట్టి చేసినందువల్ల అది ఇంకా బిరుసవుతుంది. పిల్లవాని విల్లేమో బలం తక్కువది. వానికి సన్న కాడతో వేరే చేయాలి.

మూడోది అలుగు బరువు. మొన బరువైతే నారి తోసినప్పుడు అమ్ము ముందు భాగం కదలడానికి మొరాయిస్తుంది, నడుము ఎక్కువ వంగుతుంది. అంటే అదే కాడకు పెద్ద అలుగు కడితే అది మెత్తని అమ్ములా నడుచుకుంటుంది. కౌజుపిట్టను కొట్టే తేలిక అమ్మూ, అడవిపందిని కొట్టే బరువు అలుగు అమ్మూ ఒకే లావు కాడతో చేస్తే ఒకటి ఒక పక్కకు, ఇంకొకటి ఇంకో పక్కకు పోతాయి. పంది అమ్ముకు లావు కాడ వెతకాలి.

నాలుగోది మొత్తం బరువు. తేలిక అమ్ము వడిగా పోతుంది గానీ చర్మంలో లోతుకు దిగదు. పైగా విల్లు మిగిలిన బలాన్ని తానే మింగి కొట్టుకుంటుంది, చప్పుడు చేస్తుంది, తొందరగా పాడవుతుంది. బరువు అమ్ము నెమ్మదిగా పోయినా లోతుకు దిగుతుంది. నేటి విలుకాండ్రు కర్ర విళ్లకు ఒక మోటు లెక్క పెట్టుకున్నారు. 50 పౌన్ల బలమున్న వింటికి వేట అమ్ము సుమారు 32 గ్రాములుండాలి. అంటే ఒక పౌను బలానికి పది గ్రెయిన్లు.

పింజ సంగతి కూడా ఉంది. ఒక అమ్ముకు కట్టే ఈకలన్నీ పక్షి ఒకే పక్క రెక్కవి కావాలి. కుడి ఈకలూ ఎడమ ఈకలూ కలిపితే ఒకటి తిప్పినదాన్ని ఇంకొకటి ఆపుతుంది. ఈకలు అమ్మును తిప్పుతూ, వెనక నుంచి పట్టి నిలుపుతూ పోతాయి. వెడల్పు అలుగుకు పెద్ద పింజ అవసరం. వెదురు కాడలో వేరు వైపు మొదలు బరువుగా ఉంటుంది కాబట్టి దాన్ని ముందుకు పెట్టడం మేలు. పచ్చి కాడను నీడన ఆరబెట్టి, వంకర ఉన్న చోట సన్న సెగ మీద కాచి, చేత్తో వంచి నిలువు చేయాలి. ఎండాకాలం మధ్యాహ్నం నారి ఎక్కించి వదిలేసిన విల్లు సత్తువ కోల్పోతుంది. అప్పుడు నిన్న సరిపోయిన అమ్ము ఇవాళ బిరుసుగా తోస్తుంది. అందుకే పని లేనప్పుడు నారి దించి ఉంచాలి.

ఇన్ని సంగతులూ ఒకేసారి కుదరాలి. ఒకటి మారిస్తే మిగతావన్నీ కదులుతాయి. దీన్ని భౌతికశాస్త్రం అనకపోతే ఇంకేమనాలి?

లోకంలో మిగతా చోట్ల

ఇది మన ఒక్కరి విద్య కాదు. అలెగ్జాండరు నౌకాధిపతి నియర్కస్ రాతల ఆధారంగా అరియన్ అనే గ్రీకు రచయిత భారత కాలిబంట్ల వింటిని వర్ణించాడు. మనిషంత పొడవున్న విల్లు, నేల మీద ఆనించి ఎడమ కాలితో తొక్కిపట్టి లాగే నారి, మూడు మూరలకు కొంచెం తక్కువ అమ్ము, డాలు ఆపలేని దెబ్బ. ఇంగ్లండులో 1545లో మునిగిన మేరీ రోజ్ అనే యుద్ధనౌకను 1982లో సముద్రం నుంచి పైకి తీశారు. అందులోంచి 130కి పైగా విళ్లు, 3,000కు పైగా అమ్ములు దొరికాయి. వాటిని కొలిచి, తూచి, అట్లాంటివి మళ్లీ చేసి, వింటి బలమెంతో లెక్కగట్టారు. ఒక దేశం తన పాత విల్లును అంత భక్తిగా చదివింది.

ఇంకో ఉదాహరణ మనకు దగ్గరిది. 1911లో కాలిఫోర్నియాలో యాహీ తెగకు చెందిన ఒక మనిషి ఒంటరిగా ఊరి అంచుకు వచ్చాడు. అతని వాళ్లందరినీ వలసదారులు చంపేశారు, మిగిలినవాళ్లు ఆకలికీ జబ్బులకూ పోయారు. తన పేరు అతను చెప్పలేదు. అతని భాషలో మనిషి అని అర్థమొచ్చే ‘ఇషి’ అన్న మాటతో పిలిచారు. అతన్ని చూసే డాక్టరు సాక్స్‌టన్ పోప్ అతని దగ్గర విల్లు చేయడం, అమ్ము చేయడం, వేటాడటం నేర్చుకున్నాడు. ఇషి 1916లో క్షయతో చనిపోయాడు. పోప్ 1923లో విల్లు వేట మీద పుస్తకం రాశాడు. అమెరికాలో వేల మంది ఆ పుస్తకం చదివి విల్లు పట్టారు. ఒక తెగ పోయింది, దాని విద్య వేరేవాళ్ల చేతుల్లో సరదాగా బతికింది. మా భయం అదే. మనుషులముండగానే విద్య పోకూడదు, విద్య మిగిలి మనుషుల పేరు పోకూడదు.

మన దగ్గర ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940 ప్రాంతంలో అమ్రాబాదు చెంచుల మధ్య తిరిగి 1943లో పుస్తకం అచ్చు వేశాడు. చెంచు మగవాని చేతిలో విల్లు ఎప్పుడూ ఉంటుందని, అయినా వాళ్ల తిండిలో వేట వాటా తక్కువని, గడ్డలూ పళ్లూ ఎక్కువని రాశాడు. అదీ గమనించదగ్గ మాటే. విల్లు కడుపు నింపేది మాత్రమే కాదు, ఆ మనిషి ఎవరో చెప్పేది కూడా.

విల్లు చేతి నుంచి ఎట్లా జారింది

1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ధారాదత్తం చేశాడు. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా ప్రధాన కలెక్టరుగా ఉండి పాళెగాళ్లను అణచాడు. పాళెగాని కోటలు పోయాక వాళ్ల కొలువులోని విలుకాండ్రకు, కట్టుబడి బంట్లకు పాత పని పోయింది.

తర్వాత వరుసగా పడిన దెబ్బలు చూడండి. 1876-78లో సీమను పెద్ద కరువు ఊడ్చింది. అదే 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. ఆ చట్టం ఆయుధాలకిచ్చిన నిర్వచనంలో తుపాకులు, కత్తులు, ఈటెలతోపాటు విల్లంబులను కూడా పేరు పెట్టి చేర్చారు. ఎవరికి మినహాయింపు ఇవ్వాలో ప్రభుత్వం ఇష్టం. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. వెదురూ, తడా, నారా ఇచ్చే అడవి రిజర్వు అయింది. బళ్లారి నుంచి విడదీసి అనంతపురం జిల్లాను చేసింది కూడా ఆ 1882లోనే. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజ్యానికి వచ్చింది. ఎరుకలవంటి తెగలకు పుట్టుకతోనే దొంగ ముద్ర వేసింది. స్వతంత్రం వచ్చిన ఐదేళ్లకు, 1952 ఆగస్టు 31న గానీ ఆ ముద్ర చట్టం నుంచి పోలేదు. పోలీసు హాజరు చెప్పుకోవలసిన మనిషి విల్లు పట్టుకుని కొండకు పోగలడా?

1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వేటను నిషేధించింది. 2006 అటవీ హక్కుల చట్టం అడవి ఫలసాయం మీద హక్కులు ఇచ్చింది గానీ సంప్రదాయ వేట హక్కును స్పష్టంగా మినహాయించింది. ఈ రెంటి విషయంలో మా మాట సూటిగా చెబుతాం. కృష్ణజింకలు మన బయళ్లలో మిగిలి ఉండటం మనకు గర్వకారణం. వాటిని కొట్టమని ఈ వ్యాసం ఎవరికీ చెప్పదు. కానీ వేట ఆపమన్న చట్టం విద్యను మరిచిపొమ్మని చెప్పలేదు. ఆ రెండింటినీ ఒకటి చేసింది మన నిర్లక్ష్యం.

చేయవలసిన పని

ఆగస్టు 9న ఆదివాసీ దినం వస్తుంది. వేదిక మీద నాయకులకు విల్లంబులు బహూకరిస్తారు. వాళ్లు నారి లాగి ఫొటో దిగుతారు. ఆ వింటికి ఆ అమ్ము సరిపోతుందా అని ఎవరూ చూడరు. జిగురు కాగితం అంటించిన ఆ అమ్ము పది అడుగులు కూడా నేరుగా పోదు. మన విద్యను మనమే బొమ్మ చేసుకున్నాం.

టీచర్లకు ఒక చిన్న పని సూచిస్తాం. ఎక్కుపెట్టి కొట్టే అవసరం లేదు, జంతువు అవసరం లేదు. రెండు ఇటుకలను 26 అంగుళాల ఎడంతో పెట్టండి. వాటి మీద సన్న వెదురు కాడ పెట్టి, నడుమ రెండు పౌన్ల బరువు, అంటే సుమారు 900 గ్రాముల రాయి, వేలాడదీయండి. నడుము ఎంత కిందికి దిగిందో స్కేలుతో కొలవండి. 26ను ఆ అంగుళాలతో భాగించండి. అర అంగుళానికి కాస్త ఎక్కువ, అంటే 13 మిల్లీమీటర్లు దిగితే సుమారు 50 వస్తుంది. ఆ కాడ 50 పౌన్ల వింటికి తగినదన్నమాట. కర్ర అమ్ములు చేసేవాళ్లు వాడే కొలత ఇది. పిల్లలు ఇరవై కాడలు కొలిచి, దగ్గరగా ఉన్నవాటిని ఒక జతగా వేరు చేయనివ్వండి. భాగహారం, స్థితిస్థాపకత, వెదురు, చరిత్ర ఒకే పూటలో వస్తాయి. తరువాత ఊళ్లోని ముసలివాళ్ల దగ్గరికి పంపండి. కాడను ఎట్లా ఎంచేవాళ్లు, వేలితో నొక్కి చూసేవాళ్లా, ఏ నెలలో కోసేవాళ్లు, నారి దేనితో పేనేవాళ్లు, అమ్ము తమదని ఏ గుర్తు పెట్టుకునేవాళ్లు అని అడిగి, వాళ్ల మాటల్లోనే రాయించండి.

యువతకు ఇంకో మాట. రాజస్థాన్ అడవి పల్లెలో వెదురు వింటితో పెరిగిన లింబారాం 1987లో ప్రభుత్వ క్రీడా పథకం కింద ఎంపికై, 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో పోటీపడ్డాడు. 2012లో పద్మశ్రీ వచ్చింది. విల్లు మనకు పరాయి ఆట కాదని చూపించినవాడు అతను. నేటి పోటీల్లో కూడా వింటి బలాన్ని బట్టి అమ్ము బిరుసు ఎంచుకోనిదే ఎవరూ బరిలోకి దిగరు. దానికి పట్టికలు, యంత్రాలు వచ్చాయి. మన పెద్దలకు వేళ్లే యంత్రం.

మన వాళ్లను ‘విల్లంబులు పట్టిన ఆటవికులు’ అని ఒక్క ముక్కలో తేల్చేసే పాఠం ఇంకా ఎక్కడైనా కనబడితే, ఆ తరగతిలో పిల్లలు లేచి నిలబడి చెప్పాలి. ఆ విల్లుకు కొలత ఉంది, ఆ అమ్ముకు లెక్క ఉంది, ఆ నారికి మా బీడులో పెరిగే మొక్క పేరు ఉంది అని. చెప్పగలగాలంటే ముందు వాళ్లకు తెలియాలి. తెలియజెప్పడం మన పని, వచ్చే వానల్లోపు మొదలు పెట్టదగ్గ పని.